పీర్లు నిలబెట్టే రోజు

కిరాణం ధనలక్ష్మి చెప్పిందట. ఆమెకు ఆటో చెన్నయ్య చెప్పాడట.

బిజినేపల్లి బస్సులో ఎవడో గడ్డపోడు దిగాడట. భుజాన సంచి ఉందట. దిగడం దిగడమే పీర్ల సావిడి ఎక్కడని అడిగాడట.

ఆ మాట చేరేసరికి జములమ్మ మునిమనవడికి నలుగు పెడుతోంది.

పిల్లవాడు పీర్లకు మొక్కితే పుట్టాడు. ఏడాది నిండినా ఇంకా పేరు లేదు. ఈ సాయంత్రం పెట్టె తీసి పీర్లను నిలబెట్టాక, పీర్ల తాత నోటితో వాడి చెవిలో పేరు చెప్పించాలి. మొక్కు అది.

ఊళ్లో సాయిబుల ఇల్లు ఒక్కటీ లేదు. ఉన్న రెండిళ్లూ ఎప్పటి కరువులోనో వలసపోయాయి. అయినా పీర్ల పండుగ ఏ ఏడూ ఆగలేదు. మొదటి రోజు పీర్ల తాత ఎక్కడినుంచో వస్తాడు. ఆయన చెయ్యి పడితేనే పీరు లేస్తుంది. పదిరోజులుండి పోతాడు.

"సావిడితోని వానికేం పని?" అంది జములమ్మ. "అండ్ల వెండి పీర్లున్నయ్."

పిల్లవాణ్ని మనవరాలు స్వరూప ఒళ్లో పెట్టి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా బయల్దేరింది.

సావిడి ముందు అప్పటికే పదిహేను మంది పోగయ్యారు. ఊరి వాట్సాప్ గ్రూపు నడిపే శ్రవణ్ కుమార్ ఆ మనిషి కాలరు పట్టుకుని ఉన్నాడు. ముప్పయ్యేళ్లుంటాయి. మాసిన గడ్డం, నిద్రలేని కళ్లు.

"ఊరి మొదట్ల బోర్డు సూడలేదా? బయటోళ్లు రావద్దని రాసినం గద."

"తెలుగు సదువ రాదన్నా. మాట్లాడుడే వస్తది."

"అచ్చం మన మాటనే మాట్లాడుతుండు సూడు," అన్నాడు గుంపులోంచి ఒకడు. "గిప్పుడు దొంగలు నేర్సుకోని మరీ వస్తుండ్రు."

"పీర్ల సావిడికి ఎవరన్న రావచ్చంటరు గదన్నా."

"ఎవరన్న రావచ్చు. బయటోడు రావద్దు. ఆధార్ తియ్."

తీశాడు. శ్రవణ్ గట్టిగా చదివాడు.

"ఫయాజ్. భివండి. భివండోనికి మా పీర్లతోని ఏం పని రా?"

"మీ పీర్లే అన్నా. జర కాలరు ఇడువు, చెప్త."

శ్రవణ్ వదల్లేదు. ఇంకెవరో సంచి గుంజి కింద బోర్లించారు. ఒక జత బట్టలు, ఊదు పొట్లం, పచ్చని పట్టుగుడ్డ. గుడ్డ మడతలోంచి జానెడు ఇనుప తాళంచెవి జారి, బండ మీద ఖంగుమంది.

గుంపు ఒక్క అడుగు ముందుకు జరిగింది.

"తాళాలు తీసేటోడే! కరెంటు స్తంభానికి కట్టున్రి!"

"కొట్టకున్రి అన్నా. గది మా అబ్బా ఇచ్చిండు."

"మీ అబ్బా ఎవడు?"

"మొయినుద్దీన్."

శ్రవణ్ చుట్టూ చూశాడు. "మొయినుద్దీన్ అంట. ఎవరికన్న ఎర్కనా?"

తలలు అడ్డంగా ఊగాయి.

"జములవ్వా, ఊర్ల అందరికంటె పెద్దదానివి. నువ్వు చెప్పు. గా పేరుగల్లోడు మన ఊర్ల ఎన్నడన్న ఉన్నడా?"

ఫయాజ్ ఆమె ముఖంలోకే చూశాడు. ముసలామె నిజంగానే ఆలోచించింది. డెబ్బయ్యేళ్ల పేర్లన్నీ మనసులో తిరగేసింది.

"లేడు బిడ్డ. గా పేరే నేను ఇనలేదు."

"ఇంటివా? మీ అబ్బా గూడ తాళాలు తీసేటోడేనా?" అన్నాడు శ్రవణ్.

అందరూ నవ్వారు.

అప్పటిదాకా బతిమాలుతున్న ఫయాజ్ ఆ నవ్వు దగ్గర ఆగిపోయాడు. వంగి బట్టలు ఏరుకున్నాడు. పచ్చగుడ్డకు అంటిన మన్ను దులిపి మడత పెట్టుకున్నాడు.

మహబూబ్‌నగర్ బస్సు రాగానే రెక్క పట్టి ఎక్కించారు. తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. సాక్ష్యం ఉండాలని శ్రవణ్ జేబులో వేసుకున్నాడు.

బస్సు కదులుతుంటే కిటికీలోంచి ఫయాజ్ ఒక్క మాట అన్నాడు.

"తాళంచెవి జర భద్రం అన్నా."

"బెదిరిస్తుండు సూడు," అన్నాడు శ్రవణ్.

మధ్యాహ్నానికల్లా ఫొటో గ్రూపులోకి ఎక్కింది. కింద వరుసగా దండాలు పడ్డాయి. పీర్ల తాత వచ్చేలోపే పీర్లను కాపాడుకున్నామని ఊరంతా సంబరపడింది.

ఐదైంది. గుండం తవ్వారు. డప్పులు కాచారు. స్వరూప పిల్లవాడికి కొత్త అంగీ తొడిగి తెచ్చింది.

తాత రాలేదు.

"గిట్ల ఎన్నడు ఆలస్యం చెయ్యలే," అంది జములమ్మ. మూడోసారి అనడం అది. పొద్దు వాలేలోపు పీరు నిలబడకపోతే మొక్కు మళ్లీ ఏడాదికి పోతుంది.

గుండానికి కట్టెలు తేవడానికి తెల్లారకముందే పోయిన పెద్దమనిషి రామన్న అప్పుడే ట్రాక్టరు దిగాడు. శ్రవణ్ పొద్దుటి సంగతంతా గొప్పగా చెప్పి తాళంచెవి చూపించాడు.

రామన్న దాన్ని వెంటనే అందుకోలేదు. తర్వాత తీసుకుని, సావిడిలోకి పోయి, పీర్ల పెట్టెకున్న తాళంలో పెట్టి తిప్పాడు.

తెరుచుకుంది.

పెట్టెలోకి ఎవరూ చూడలేదు.

రామన్న తన ఫోన్లో 'పీర్ల తాత' అని ఉన్న నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. చాలాసేపు మోగింది.

"యాడిదాంక వచ్చినవ్ తాతా?"

"తాత లేడు. రంజాన్ నెలల పోయిండు."

రైలు చప్పుడు మధ్య కూడా ఆ గొంతును అందరూ గుర్తుపట్టారు. శ్రవణ్ రెండడుగులు వెనక్కి జరిగాడు.

జములమ్మ ఫోను గుంజుకుంది. "బిడ్డా, పీర్ల తాత కొడుకునని పొద్దుగాల ఒక్క మాట చెప్పొద్దా? పిలగానికి పేరు పెట్టాలె. యాడ దిగుతవో చెప్పు, బండి పంపుతం."

"చెప్పిన గదవ్వా, మొయినుద్దీన్ కొడుకునని. గా పేరే ఇనలేదంటివి."