దగ్గరుండి చూపించే ఊరు

బస్సు దిగిన మనిషి నడక చూడగానే ఆమె చేతిలోని సూది జారిపోయింది.

ఎడమ భుజం కాస్త వంచి నడిచే నడక. మొగుడే.

ఆమె కుట్టుమిషను వెనక నేలమీద నక్కి కూర్చుంది. దుకాణం తలుపు బార్లా తెరిచి ఉంది. లేచి వేసే ధైర్యం లేదు. "ఈసారి పారిపోతే ముఖం మీదే పెడతా" అని కాలే ఇస్త్రీపెట్టె చూపించిన మనిషి అతను.

ఊరంతా కలిపితే నలభై గడపలు. దారి అడిగితే వేలు చూపించి ఊరుకోరు, చేతిలో పని వదిలి గుమ్మం దాకా దిగబెడతారు. మూడు నెలల కిందట చేతిసంచితో వచ్చిన ఆమెనూ అలాగే దర్జీ పెద్దమ్మ దగ్గర దిగబెట్టారు. ఆ మంచితనమే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది.

వాళ్ల ఆరాలకైతే అంతులేదు. "మీ ఆయన పొడగరా? మీసం ఉందా?" అని రొట్టెల అక్క. "నడిస్తే ఎలా ఉంటాడే?" అని పాల తాత. వచ్చిన వారంలోనే వడ్రంగి బాబాయి, "నీ పేరులో వత్తు ఉందా, లేదా?" అని కూడా అడిగాడు. పైఊళ్లో పనిచేస్తున్నాడని మొగుడి గురించి అబద్ధం చెప్పింది గానీ, మిగతావన్నీ విసుగెత్తి చెప్పేసింది. ఏమీ అడగనిది పెద్దమ్మ ఒక్కతే. చేతి కొలత తీస్తూ మోచేతి పైన కాలిన మచ్చలు చూసి, టేపు మెడలో వేసుకుని లేచి వెళ్లిపోయింది.

బయట అతని గొంతు. "మా ఆవిడ ఈ ఊళ్లో ఉందని తెలిసింది." పేరు కూడా చెప్పాడు.

"ఉందండీ," అంది అరుగు మీంచి పెద్దమ్మ. "ఇక్కడే ఉంది. ఇంకెక్కడికీ పోదు కూడా."

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది.

"రోజూ ఎవరో ఒకరం వెళ్లి పలకరించి వస్తుంటాం. రండి, దగ్గరుండి చూపిస్తా. బాబాయ్, నువ్వూ రా."

చెప్పుల చప్పుడు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత ముందుకు సాగింది. ఆమె ఉంటున్న గదికి తీసుకెళ్తున్నారు కాబోలు. తాళం చూసి నేరుగా ఇక్కడికే వస్తారు. పారిపోదామంటే ఉన్నది ఆ ఒక్క దారే. కత్తెర అందుకుని గుండెలకి హత్తుకుంది.

చాలాసేపటికి మళ్లీ చెప్పుల చప్పుడు. ఆ తర్వాత బస్సు హారను. బస్సు కదిలిన శబ్దం.

పెద్దమ్మ లోపలికి వచ్చింది. చెప్పుల నిండా మట్టి. మిషను వెనక్కి తొంగి చూసి, ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పి కత్తెర తీసుకుంది.

"వెళ్లిపోయాడు. ఇక రాడు."

"ఏం... ఏం చూపించారు పెద్దమ్మా?"

"బాబాయి చెక్కిన పలక. వత్తు సరిగ్గానే పడిందిలే," అంటూ పెద్దమ్మ పక్కనే కూలబడింది. "నువ్వు ఈ ఊరొచ్చిన వారానికే చచ్చిపోయి శ్మశానంలో పడుకున్నావు తల్లీ, ఇక భయం లేకుండా బతుకు."