ధనలక్ష్మి మూడు రోజులు

“అక్కా, నీకు నెలసరి ఆగిపోయి పదకొండు నెలలు కదా. ఈ కాల్షియం బిళ్లలు రోజుకొకటి వేసుకో,” అని నర్సు ఉష గొంతెత్తి చెప్పేసింది.

చెప్పింది మంచి మాటే. చెప్పిన చోటే బాగాలేదు. అది వంటింటి వెనక రేకుల పంచ. నెలసరి వచ్చిన ఆడది మూడు రోజులు దూరం కూర్చునే చోటు. ధనలక్ష్మి అక్కడ చాప వేసుకుని, విడిగా చెంబూ విడిగా కంచం పెట్టుకుని, పొద్దున్నుంచి దూరం కూర్చునే ఉంది. నాలుగడుగుల అవతల ఆమె అత్త పోలేరమ్మ ఎండు చేపల మీద వాలే కాకులను తోలుతోంది.

ఉష కావలి నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. జాలర్లుండే ఈ పట్టపుపాలెం పద్ధతులు ఆమెకేం తెలుసు? పోయిన వారం క్యాంపులో డాక్టరమ్మ రాసిన చీటీ చూసి చదివింది, బిళ్లలు చాప మీద పెట్టింది, స్కూటీ ఎక్కి బోగోలు దారి పట్టింది.

నలభై తొమ్మిదేళ్ల ధనలక్ష్మి ఆ మూడు రోజుల మీదే బతుకుతోంది. దూరం ఉన్న ఆడది వల తాకకూడదు, పడవ దగ్గరికి పోకూడదు, ఉప్పులో వేసిన చేపను ముట్టకూడదు. ముడితే గంగమ్మకు కోపం వస్తుందని, వల ఖాళీగా తిరిగొస్తుందని మగవాళ్ల భయం. ఆ భయం చల్లగా ఉండాలి. దాని పుణ్యాన నెలలో మూడు రోజులు ఆమెను ఎవరూ లేవమనరు. మిగతా రోజులన్నీ పడవ ఒడ్డుకు తగిలింది మొదలు చేపలు ఏరాలి, కడగాలి, ఉప్పు పట్టించాలి, ఇసుకలో పరచాలి, తిరగెయ్యాలి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరగాలి, వచ్చి పొయ్యి ముందు కూర్చోవాలి. మోకాళ్లు ఎప్పుడో మొరాయించాయి. జడ వేసుకోవడానికైనా కుడి చెయ్యి పైకి లేవదు. ఉన్నట్టుండి ఒంట్లో సెగలు పుట్టి చెమటలు కారిపోతాయి. సముద్రం హోరు వినడానికి హాయిగా ఉంటుందని ఆ చాప మీద పడుకున్నప్పుడే ఆమెకు తెలుస్తుంది.

నెలసరి ఆగినప్పుడు పాలెంలో ఆడవాళ్లు పీడా పోయిందంటారు. ధనలక్ష్మి మాత్రం ఏడ్చింది. ఆ నెలంతా ఒక్క పూట కూడా నడుం వాల్చలేదు. మరుసటి నెల తేదీ రాగానే గంగమ్మకు లెంపలేసుకుని, చాప చంకన పెట్టుకుని పంచలోకి నడిచింది. అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు అత్త వినేసింది. పోలేరమ్మకు డెబ్బై రెండేళ్లు గాని, అవి పాము చెవులు. పద్ధతి దగ్గర ఆమె ఎంత గట్టి మనిషంటే, ఒకసారి దూరం ఉన్న కోడలి కొంగు వలకు తగిలిందని నీళ్లలోకి దిగిన పడవను వెనక్కి పిలిపించింది.

“అత్తా, ఆ పిల్ల ఎవురి చీటీనో నాకు చదివినట్టుండాది,” అంది ధనలక్ష్మి.

పోలేరమ్మ ఊఁ అని ఊరుకుంది. కర్ర పుచ్చుకుని కాకులనే చూస్తోంది. తిట్టినా బాగుండేదనిపించింది ధనలక్ష్మికి.

అంతలో ఆమె మొగుడు చెంచయ్య ఒడ్డు నుంచి పరుగున వచ్చాడు. పెళ్లానికి దూరంగా, అరుగు దగ్గరే ఆగి తల్లితో చెప్పాడు. రెండు పడవల నిండా నెత్తళ్ల చేపలు పడ్డాయి. మబ్బు పట్టేలా ఉంది. మధ్యాహ్నానికల్లా ఉప్పులో వెయ్యకపోతే కుళ్లిపోతాయి. సరిగ్గా నెత్తళ్లు పడినప్పుడే ఈమె చాపెక్కుతుందని విసుక్కున్నాడు. చిన్నపోలయ్య పెళ్లాం ఈమెకన్నా చిన్నది, ఆమెకు ఆగి రెండేళ్లయిందని పాలెమంతా అనుకుంటున్నారట.

“తెలీక అడగతా ఉండా, ఆయమ్మకి నిజంగానే వచ్చిందామ్మా?” అన్నాడు.

ధనలక్ష్మి బిళ్లలను కొంగు కింద దాచింది. దాచి ఏం లాభం? అత్త నోటి వెంట బయటపడటం కన్నా తానే లేచి పోవడం నయం. అబద్ధం మోయడం కూడా పనే, ఆ పనికీ ఇంక ఓపిక లేదు. ఇకమీదట నెలకు ముప్ఫై రోజులూ చాకిరీయే, చచ్చేదాకా. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేల మీద చెయ్యి ఆనించి, మోకాలు పట్టుకుని సగం లేచింది.

“యాడికి లేస్తా ఉండావే? కూచో,” అంది పోలేరమ్మ.

ధనలక్ష్మి ఉన్నచోటే కూలబడింది.

ముసలామె కొడుకు వైపు తిరిగింది. పక్కింటి కామాక్షినీ ఆమె తోడికోడలినీ పిలుచుకోమంది. నాలుగు గంపలు నువ్వు మోస్తే నడుం విరగదులే అంది. మైల తగిలి రేపట్నుంచి వల ఖాళీగా వస్తే నన్ను అడగొద్దంది. చెంచయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. వల మాట వచ్చాక అతను ఎదురు చెప్పలేడు. అయినా పోతూ పోతూ ఆగాడు.

“యాభై వస్తా ఉండాయి కదమ్మా ఆయమ్మకి. ఇంకెన్నాళ్లు?”

పోలేరమ్మ కాకులను అదిలించి, తాపీగా చెప్పింది.

“ఈ ఇంటికొచ్చిన ఆడోళ్లకి అంత తొందరగా ఆగదురా. నువ్వు చూడలా, నాకు అరవై దాటినాక గదా ఆగింది.”