లేచే పద్ధతి

"నన్ను ముట్టుకోకు!" వంటింట్లో జారిపడ్డ అమ్మ నేల మీంచే చెయ్యెత్తి కూతుర్ని ఆపింది. "ఎలా లేవాలో ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. నేనే లేస్తాను."

యాభై దాటిన కూతురు గుండెలు బాదుకుంటూ పక్కనే చతికిలబడింది. "ఎక్కడైనా విరిగిందేమోనే అమ్మా!"

"విరిగితే ఇన్ని కబుర్లు చెబుతానా?" అమ్మ పక్కకి దొర్లి, మోకాళ్ల మీదికొచ్చి, కుర్చీ ఆసరాతో మెల్లగా నిలబడింది.

"రేపట్నుంచి నడకా వద్దు, వంటా వద్దు. ఒక్కచోట కూర్చో."

"మీ నాన్న పోయాక ఏడాదంతా కూర్చున్నానుగా! ఒక్కసారి కూడా పడలేదు. కానీ పొద్దున్నే లేవాలనీ అనిపించలేదు."

కూతురు కళ్లు తుడుచుకుని లేవబోయింది. మోకాలు పట్టేసింది.

"అమ్మా, నావల్ల కావట్లేదే!"

అమ్మ నవ్వాపుకుంది. "ఇవాళ్టికి నా చెయ్యి పట్టుకో. రేపట్నుంచి నాతో నడకకి రా."