పదకొండు దెబ్బల పాట

గాజువాకలో టైర్ల కొట్టు వెనక షెడ్డులో కూర్చుని గిటారు తీగలు బిగిస్తున్న జలంధర్‌కి కడుపు మండిపోతోంది. పన్నెండేళ్లుగా అతని మెటల్ బ్యాండు మారుతూనే వచ్చింది. మొదటి ఆల్బమ్‌లో నాలుగు దెబ్బల తాళం, రెండోదాంట్లో ఏడు, ఇప్పుడు మూడోదాంట్లో పదకొండు. కానీ విన్నదెవరు? ఊరందరి చెవుల్లోనూ చెవిగింజలే, చప్పుళ్లని నచ్చినట్టు మార్చేసే బుల్లి యంత్రాలు. అవి ఉంటే లారీ హారన్ వేణువవుతుంది, అత్తగారి సణుగుడు వానచినుకవుతుంది, ఏ కొత్త పాటైనా మనకు నచ్చిన పాత పాటైపోతుంది.

నిన్నటి కచేరీలో జనం పదకొండు దెబ్బలకీ నాలుగు చప్పట్లే కొట్టారు. "మీ మొదటి పాటే మళ్లీ ఎంత బాగా వాయించారు బాబూ!" అని ఒకావిడ చెయ్యి పట్టుకుని మరీ మెచ్చుకుంది.

"చెవిటోడి ముందు శంఖం ఊదినట్టుంది. గింజలు పెట్టుకున్నోళ్లకి ఇంక వాయించనురా," అన్నాడు, బేస్ గిటారు వాయించే కిరీటితో.

కిరీటి తల వంచుకుని కుడిచెవి తడుముకున్నాడు.

"నువ్వూనా? ఎప్పట్నుంచిరా?"

"రెండో ఆల్బమ్ కాణ్ణుంచి. డ్రమ్ముల మోతకి తలనొప్పొచ్చీసేది గురూ."

అంటే ఇన్నేళ్లూ వీడు వింటున్నదీ, వాయిస్తున్నదీ ఆ మొదటి నాలుగు దెబ్బలే. వాడి బేస్ ఎవరితోనూ కలవకపోతే అది సాహసమనుకుని, దానిమీదే జలంధర్ పదకొండు దెబ్బలూ అల్లాడు.

"తియ్యి. తీసి విను," అని తమ కొత్త పాట రికార్డింగు పెట్టాడు.

కిరీటి గింజలు తీసేసి, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"అదిరిపోనాది గురూ," అన్నాడు. "ఏ బ్యాండుదేటి?"