టాకాలు

ఆమె బ్యాగు సర్దుతోంది. రెండు నైటీలు, ఒక దుప్పటి, తువ్వాలు. మంచి చీరలేవీ బీరువా దాటి రాలేదు.

"పై ఆఫీసులో ట్రైనింగుకి వెళ్తూ నైటీలేమిటే?" అన్నాడు దర్జీ.

"గదిలో వేసుకోవడానికేగా. ల్యాప్‌టాప్ మీకే వదిలేస్తున్నాను. అక్కడ ఇస్తారట," అంది భార్య, తలెత్తకుండా.

రెడీమేడ్ బట్టల దెబ్బకు ఆయన దుకాణం మూతపడింది. అప్పటి నుంచి ఇల్లు నడుపుతున్నది ఆ ల్యాప్‌టాపే. వీధుల ఫొటోలు వస్తాయి. ఏది మనిషో, ఏది సైకిలో, ఏది బండో గీత గీసి పేరు పెట్టాలి. డ్రైవరు లేని కార్లు ఆ పేర్లు చూసి లోకాన్ని నేర్చుకుంటాయట. ఆమె లేని రెండు వారాలూ పని ఆగితే కాంట్రాక్టు ఇంకొకరి పాలవుతుంది. అందుకే మొగుడికి నేర్పుతోంది.

పేర్లు పెట్టడం ఇట్టే వచ్చేసింది. బట్టల కొట్టు అద్దం వెనక బొమ్మకు 'మనిషి' అని పెట్టి, నేను కుట్టిన చొక్కా తొడిగితే అదీ మనిషేనని నవ్వించాడు కూడా. కొరుకుడుపడనిది వెర్షన్ కంట్రోల్, అంటే చేసిన ప్రతి మార్పునూ మళ్లీ వెనక్కి తిప్పుకునేలా దాచే పద్ధతి.

"మీ భాషలోనే చెప్తాను," అంది ఆమె. "బ్రాంచి అంటే నమూనా గుడ్డ. ఏం చేసినా దాని మీదే చేయండి, అసలు గుడ్డ మీద కత్తెర పెట్టొద్దు. కమిట్ అంటే కుట్టు జారకుండా టాకా వేసుకోవడం. పుష్ అంటే కుట్టింది బట్టలిచ్చినవాళ్లకు అందించడం. టాకా వేసి కొట్లోనే ఉంచితే వాళ్లకెలా చేరుతుంది? తప్పు జరిగినా భయం లేదు. వెనక్కి విప్పుకోవచ్చు."

తలూపాడు. కానీ ప్రయాణం రోజు పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను. వారం పనిలో ఒక్కటీ అందలేదట. అన్నీ కమిట్ చేశాడు, పుష్ మరిచాడు. తీసుకెళ్లడానికి కారుతో వచ్చిన ఆమె తమ్ముడు ఉత్త చేతులతో వెనక్కి వెళ్లాడు. బ్యాగు అటక ఎక్కింది.

ఆ పూట దర్జీ కడుపునిండా తిన్నాడు. అసలు ఆయన భయం వేరే. పై ఆఫీసులో కుర్చీ చూపిస్తే ఈ ఇరుకు గదికి మళ్లీ ఎందుకొస్తుంది? కొట్టు మూసుకున్నవాడి ముఖం చూడ్డానికా? అనుమానం పెనుభూతమంటారు. అది ఆయన పక్కలోనే పడుకుంది.

రెండోసారి ప్రయాణం కుదిరినప్పుడు తప్పు కావాలనే చేశాడు. అసలు గుడ్డ మీదే కత్తెర పెట్టాడు. ఆమె గీసిన గీతల మీద తన పిచ్చిగీతలు గీసి, గుర్తుపెట్టుకుని మరీ పుష్ చేశాడు. అది విప్పేసరికి ఆమెకు రోజులు పట్టాయి, ప్రయాణం మళ్లీ ఆగింది. మధ్యమధ్య లేచి కిటికీ దగ్గర నిలబడి గాలి పీల్చుకునేది. తెర చూసి చూసి అలసటనుకున్నాడు.

మూడోసారీ అదే కథ. తమ్ముడు ఇక పట్టలేకపోయాడు.

"చేతకాకపోతే చేతకాదని చెప్పు బావా. మా అక్కని ఇలా చంపుకుతినకు."

ఆమె కళ్లతోనే వాడి నోరు మూయించింది. "ఆయన సంగతి నీకు తెలీదురా. సూది గుచ్చుకుని చుక్క రక్తం కనబడితే కళ్లు తిరిగే మనిషి. మెల్లగా నేర్చుకుంటారులే."

సూదికీ కంప్యూటరుకీ పొత్తేమిటో దర్జీకి అర్థం కాలేదు.

చివరికి ఒక బుధవారం ఆమె బయలుదేరింది. వేలి ఉంగరం తీసి కుట్టుమిషను సొరుగులో పడేసింది. గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది.

"ఈసారి తప్పు జరిగినా నేను ఆగనండీ. మీరే విప్పుకోవాలి."

కారు మలుపు తిరిగింది. దర్జీకి చేతులు విరిగినట్టయింది. ఇక నటించి ఎవరిని ఆపాలి? కూర్చున్నాడు. బ్రాంచి వేరు చేశాడు, పేర్లు పెట్టాడు, కమిట్ చేశాడు, పుష్ చేశాడు. ఒక్క తప్పూ లేదు. మర్నాడు పొద్దున ఆఫీసువాళ్లు ఫోను చేసి మెచ్చుకున్నారు.

కమిట్ పక్కన చేసిన పనేమిటో ఒక ముక్క రాయాలని ఆమె నేర్పింది. ఆయన రాశాడు: 'నాకంతా వచ్చేసింది. నువ్విక వచ్చేయ్.'

చుక్క రక్తానికే కళ్లు తిరిగే మొగుడికి ట్రైనింగని చెప్పి, ఆయన చేతికి పని వచ్చేదాకా గుండె ఆపరేషన్‌ను మూడుసార్లు వాయిదా వేయించుకున్న ఆమె, ఆ గురువారం మధ్యాహ్నం ఆపరేషన్ బల్ల మీదే పోయింది, ఇంటికి తిరిగి రాలేదు.