తోలు కింద కావలి

“ధ్యాస యాడ పెట్టినావే? రెడ్డోళ్ల గుర్తు శెట్టోళ్ల పంచెకు పెడతాండావు!” అత్త ఆంజినమ్మ కసిరింది. “జీడి చేతికి తగలనీద్దు. పోయినేడు వేలు పొంగి ఏడిస్తివి, మరిచినావా?”

రామక్క సూదిని మళ్లీ నల్లజీడి గింజలో గుచ్చి, ఆ రసంతో చాకిరేవు బట్టలకు గుర్తులు పెట్టసాగింది. కళ్లు మాత్రం ఎడమ ముంజేతి మీదే ఉన్నాయి. పొద్దున కాంపౌండరు రామదాసు అక్కడే సూది పొడిచిపోయాడు.

మొగుడు ఓబుళేసుకు క్షయ అని తేలి వారమైంది. రామక్కకు కూడా అంటిందేమో చూడడానికే ఈ పరీక్ష.

“ఎముకల మూలుగలో పుట్టిన కణాలు తోలు కింద కావలి కాస్తాంటాయమ్మా,” అని సూది పొడుస్తూ చెప్పాడు రామదాసు. “క్షయ పురుగు ఇంతకుముందే నీ ఒంట్లోకి వచ్చింటే, ఈ మందు తగలగానే అవి పాత దొంగను గుర్తుపట్టి మూగుతాయి. మూడు దినాలకు చెయ్యి వాస్తుంది. అట్లయితే కావలి ఉన్నట్టే, ఈడే ఉండొచ్చు. వాయకపోతే కావలి లేనట్టు. బీసీజీ టీకా ఏసి, రెండు నెలలు పుట్టింటికి పంపాల.”

“పురుగు అంటకుండా ఉంటే చాలు, స్వామీ,” అని ఆంజినమ్మ కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. నోరు పెద్దదే గానీ ఆమె మనసు వెన్న. కోడలు కుందుర్పిలోని పుట్టింటికి పోవడానికి మూట కూడా కట్టిపెట్టింది.

రామక్కకు కాలు ఒకచోట నిలవలేదు. బెళుగుప్ప దిక్కున ఆ ఏడూ చినుకు లేదు. వంకలో చెలమ తవ్వితేనే నీళ్లు. మర్నాడు అంత దూరం పోయి, ఎండలో చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, ఖాళీ బిందెతో తిరిగొచ్చింది.

“వాచిందా?” మంచం మీంచి అడిగాడు ఓబుళేసు.

“లేదు. నున్నగానే ఉండాది.”

“మంచిదాయ. రెండు నెలలకు నేనుంటానో లేదో... నువ్వన్నా బాగుండాల.” దగ్గు తెర వచ్చి అతని మాట ఆగిపోయింది.

రామక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. గుర్తులు పెట్టాల్సిన బట్టలు మూలన ఇంకా మిగిలే ఉన్నాయి. పోయి వాటి ముందు కూర్చుంది.

గడువు నాటికి ముంజెయ్యి ఎర్రగా ఉబ్బి, నీటిపొక్కు లేచింది. ఆంజినమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. “నా వల్లనే,” అని ఓబుళేసు గోడ వైపు తిరిగాడు.

రామదాసు స్కేలు పెట్టి చూశాడు. “ఏడ్వద్దవ్వా. ఇది రోగం కాదు. కావలి బాగా మేలుకొని ఉండాది. టీకా అక్కర్లేదు, ఈడే ఉండి మొగుణ్ని చూసుకోనీ.”

అతను పోయాక రామక్క కుందుర్పి మూట విప్పి, చీరలు దండెం మీద వేసింది. గంజి గిన్నె తీసుకుని దొడ్లోకి నడిచింది.

గిన్నె కడిగే ముందు, కొంగుముడిలోని జీడిగింజను కంపలోకి విసిరేసింది.