బిగబట్టిన ఊపిరి

ఆ రోజుల్లో పందెం సైకిల్‌ను తొక్కేవాడి ఒంటికే అచ్చుపోసేవారు. వంగి కూర్చున్న మనిషికీ కార్బన్ చట్రానికీ మధ్య గాలి దూరకూడదు. కూర్చున్న ఒళ్ళు కొలతకు సరిపోకపోతే, వేరేవాడు ఎక్కాడనుకుని సైకిల్ ఆగిపోయి కేకలు పెట్టేది.

హంసవేణి గీసిన సైకిల్ నమూనాను తనదని చెప్పుకుని, ఆమెనే కంపెనీలోంచి గెంటించిన ఉదయభాస్కర్, పందెం సైకిల్ చేయించుకోడానికి చివరికి ఆమె దగ్గరికే వచ్చాడు. విశాఖలో అంత బాగా అచ్చుపోసేవాళ్ళు మరొకరు లేరు.

కొలతల యంత్రం ముందు అతను పొట్ట లోపలికి పీల్చి వంగాడు. ఎవరికైనా "ఊపిరి వదిలెయ్యండి" అని చెప్పడం ఆమె అలవాటు. అతనికి చెప్పలేదు.

"సరిగ్గా వచ్చిందా?"

"మీరు చూపించింది చూపించినట్టే వచ్చింది సార్."

పందెంనాడు బీచ్ రోడ్డు ఎత్తు ఎక్కేసరికి అతనికి ఆయాసం వచ్చి, బిగబట్టిన పొట్ట బయటికి జారింది. సైకిల్ మెల్లగా ఆగి, "దొంగ, దొంగ" అని అరవసాగింది. జనం మూగారు. నిర్వాహకులు అతని రెక్క పట్టుకున్నారు.

గుంపులో హంసవేణి కనిపించగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఇది నాదేనని చెప్పు వీళ్ళకి."

"అప్పుడూ ఇదే మాటన్నారు సార్," అంది హంసవేణి.